పదమూడో ఎక్కం

అరవై నాలుగో ఏట గుండు చేయించుకున్నాను.
జుట్టు పోయిందని కాదు,
కత్తి పట్టడం కొత్తగా నేర్చిన కుర్రాడు పెట్టిన రెండు గాట్లు
ఎవరైనా చూస్తారేమోనని
మొదటి రోజంతా దిగులు.

తాన్‌ల్విన్ నది ఒడ్డున మా విహారం.
రబ్బరు తోటల మీద ఒకటే ముసురు.
చీవరాలు ఆరవు. ఆరని గుడ్డ వాసనే
మా వర్షావాసపు అగరుబత్తి.

ఇక్కడ వయసు లెక్క వేరు.
తల్లి కన్న రోజు ఎవరికీ అక్కర్లేదు,
చీవరం కట్టిన రోజు అడుగుతారు.
ఆ లెక్కన అప్పటికి నేను పందొమ్మిది రోజుల పసికందుని.
ఊ సొభితకి ఏడు వర్షాలు.
ఆయన ముందు, నేను వెనక.

ఆయన పాత పేరు మిన్ తో.
నాలుగో తరగతి, మూడో బల్ల, కిటికీ పక్కన.
పదమూడు ఎనిమిదులు అంటే
ఎప్పుడూ నూట ఆరు అనేవాడు.
వెదురు బెత్తంతో మూడు దెబ్బలు.
నూట నాలుగురా, నూట నాలుగు.

ఇప్పుడు రోజూ ఆయన ముందు
మూడుసార్లు నుదురు నేలకి ఆనిస్తాను.
మొదటిసారి వంగినప్పుడు
నొప్పి పుట్టింది మోకాళ్లలో కాదు.
ఇరవై రెండేళ్ల హెడ్మాస్టరు కుర్చీ
ఒంట్లో ఏ మూల అతుక్కుందో, అక్కడ.

నెల తిరిగేసరికి వంగడం వచ్చేసింది.
ఎంత బాగా వచ్చిందంటే
నా అంత మెత్తగా వంగేవాళ్లు విహారంలోనే లేరని
నాకు నేనే మార్కులు వేసుకున్నాను.
వందకి తొంభై ఆరు.
వీధి గుమ్మంలోంచి గెంటిన దొంగ
దొడ్డిదారిన వచ్చి
వంటింట్లో పీట వాల్చుకు కూర్చున్నాడు.

తెల్లారకుండానే భిక్షకి బయల్దేరతాం.
చెప్పుల్లేని కాళ్లు, ఎర్ర బురద,
నా వెనక నిద్రమొహాల చిన్న శ్రామణేరులు.
వక్కతోట మలుపులో మా ఇల్లు.
తప్పు. మి ఎన్ రోత్ ఇల్లు.
ఆమె కళ్లెత్తదు.
పాత్రకో గరిటె అన్నం, ఆవిరి కక్కుతూ.
నా పాత్రలో పడగానే
నన్నడక్కుండానే చేతులు తూకం వేస్తాయి:
ఒక్క మెతుకు ఎక్కువ పడిందా?
లేదు.
ముందువాడికెంతో నాకూ అంతే, నా వెనక పిల్లాడికీ అంతే.
ఆ పూట ముద్ద గొంతు దిగలేదు.

ఇల్లు వదిలింది నేననుకున్నాను.
డప్పులతో ఊరేగించారు కూడా.
నలభై ఏళ్ల కాపురాన్ని
ఏ చప్పుడూ లేకుండా దించి పెట్టింది
ఆ గరిటె పట్టుకున్న చెయ్యి.

సాయంత్రం తడి ఆకులు ఊడుస్తూ
ఇదంతా ఊ సొభితతో చెప్పేశాను.
తూకం సంగతీ, తొంభై ఆరు మార్కులూ, అన్నీ.
ఆయన చీపురు ఆగలేదు.
"పదమూడు ఎనిమిదులు ఎంత?"
"నూట నాలుగు." నోరే చెప్పేసింది.
"నాకిప్పటికీ నూట ఆరే వస్తుంది.
ఆ పై రెండూ ఎక్కడివో చాన్నాళ్లు వెతికాను.
ఇప్పుడు వస్తే రానిస్తున్నాను."
నవ్వుతాడేమోనని చూశాను.
ఆకుల కింద వానపాము కనిపిస్తే
చీపురు పక్కకి తిప్పి ఊడ్చాడు, అంతే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
పాత అలవాటున హాజరు పిలిచాను.
మోకాలి నొప్పి?
ఉన్నానండి.
రేకుల మీద వాన?
ఉన్నానండి.
గరిటె చప్పుడు?
ఉన్నానండి, ఉన్నానండి.
నేను?

ఎవరూ పలకలేదు.
వాన, ఇంకా వాన,
ఎక్కడో బల్లి.
పిలిచినవాడు కూడా
పుస్తకం మూసి వెళ్లిపోయినట్టు
గది గదిలా ఉంది.

ఎంతసేపో.

అప్పుడు చివరి బల్ల మీంచి
సన్నగా ఒక చెయ్యి లేచింది:
"అయ్యా, ఇంత బాగా పలకకుండా ఉన్నది
నేనేనండి."

బెత్తం కోసం తడుముకోలేదు.
కూర్చోమన్నాను.